గోడకి తాళంచెవి ఇచ్చిన కుర్రాడు

నెలలో మొదటి సోమవారం అతుకులమ్మ ఇంట్లోంచి అరగంట ముందే బయల్దేరుతుంది. ఆ రోజు రఫ్ కట్లకి గాలి తగిలించే రోజు.

ఆవిడ పని పాత సినిమాల గోడౌనులో. తెగిన ఫిల్ము అతికించడం, ముడతలు సాపు చెయ్యడం, డబ్బాల మీద చిరిగిన చీటీలు మార్చడం. ఇరవై రెండేళ్ళప్పుడు ఇదే మేడలో ఎడిటింగ్ రూములో చేరింది. తర్వాత ఎడిటింగంతా కంప్యూటర్లలోకి పోయింది, ఎడిటింగ్ రూము గోడౌనైంది, ఆవిడ బల్ల మాత్రం కిటికీ పక్కనుంచి జానెడు కూడా జరగలేదు. అసలు పేరు జీతం కాయితం మీద తప్ప ఎక్కడా వినపడదు. అందరికీ అతుకులమ్మే.

కింది అంతస్తులో విడుదలైన సినిమాలు, పై అంతస్తులో రఫ్ కట్లు. రఫ్ కట్టంటే బ్రహ్మవిద్యేం కాదు. తీసిన ముక్కలన్నీ వరసగా అతికించి, ఎవరు చావాలి, ఎవరు బతకాలి, పాట ముందా ఏడుపు ముందా అని డైరెక్టరు ఇంకా జుట్టు పీక్కుంటున్నప్పటి సినిమా. ఇంకా తియ్యని సీను చోట ఖాళీ ఫిల్ము అతికించి, దాని మీద మైనం పెన్సిలుతో ‘ఇక్కడ సీను రావాలి’ అని రాస్తారు. వెలుతురుకి పెట్టి చూస్తే అందులో ఏ బొమ్మా ఉండదు. ప్రొజెక్టరులో తిప్పితే మాత్రం ఆ సినిమాలోవాళ్ళు తమ పనులు చేసుకుంటూ కనపడతారు. సినిమా అయిపోయిందని వాళ్ళకెవరూ చెప్పలేదు మరి. నెలకోసారైనా తిప్పకపోతే అలుగుతారు.

తిప్పేది ప్రొజెక్టరు మామ. డెబ్భైకి దగ్గరపడ్డాడు, కళ్ళద్దాలు సీసా అడుగంత మందం, నోరు మాత్రం పాతికేళ్ళది. ఆయన తిప్పుతుంటే అతుకులమ్మ పక్కన కూర్చుని తేడాల పుస్తకం రాస్తుంది. విడుదలైన సినిమాకీ రఫ్ కట్టుకీ తేడాలన్నీ అందులో ఉంటాయి. ‘పన్నెండో డబ్బా. విడుదలలో కోడలు అత్తగారిని క్షమించింది. రఫ్ కట్‌లో ఇంకా ఆలోచిస్తోంది.’ ‘ఇరవై ఆరో డబ్బా. విడుదలలో విలన్ కొండ మీంచి పడ్డాడు. రఫ్ కట్‌లో కొండ దాకా వచ్చి, మోకాళ్ళ నెప్పులని వెనక్కి వెళ్ళాడు.’ సినిమాల మీద పుస్తకాలు రాసేవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఈ పుస్తకం నకలు తీసుకెళ్తారు.

నలభై ఒకటో డబ్బా దగ్గరికొచ్చేసరికి మాత్రం అతుకులమ్మ లేచిపోతుంది. టీ కప్పు కడుక్కొస్తానంటుంది. ఏ నెలైనా అంతే.

“ఆ కప్పు అరిగి చిల్లు పడుతుందే అమ్మాయ్,” అంటాడు మామ. యాభై ఆరేళ్ళొచ్చినా ఆయనకి ఆవిడ అమ్మాయే. “ఇవాళ కూడా వరండాలోనే కూర్చున్నారు పాపం. ముసలావిడ నడుం పట్టుకుంది.”

ఆ సినిమాలో ఒక కుటుంబం సామాన్లతో సహా ఇంటి ముందు వరండాలో కూర్చుని ఉంటుంది. ఇల్లు తాళం వేసుంది. తాళంచెవి తమ్ముడి దగ్గర. గొడవపడి వెళ్ళిపోయిన అక్క తిరిగొచ్చినప్పుడు తమ్ముడు ఆ తాళంచెవి తీసి ఆవిడ చేతిలో పెట్టాలి. “అక్కా, తాళంచెవి నీ దగ్గరే ఉండనీ. ఎప్పుడొచ్చినా తలుపు కొట్టే పని లేకుండా.” సినిమాకి ప్రాణమంతా ఆ మాటే. కానీ ఈ రఫ్ కట్‌లో తమ్ముడు అటు తిరిగి, ఎవరూ లేని గోడకి తాళంచెవి చాచి, గోడతోనే ఆ మాట చెప్పి, మర్యాదగా నవ్వి వెళ్ళిపోతాడు. అక్క వాడి వెనక ఎదురుచూస్తూ నిలబడుతుంది. తర్వాత వచ్చే ఖాళీ ఫిల్ములో అందరూ మళ్ళీ పెట్టెల మీద చతికిలబడతారు. ముప్ఫై నాలుగేళ్ళుగా ఇదే వరస.

దానికి కారణం ఒక వేడి వేడి టీ.

ఫిల్ముకి రెండు వైపులుంటాయి. బొమ్మ ఉన్న వైపేదో తెలియాలంటే పెదవికి తాకించి చూస్తారు. బొమ్మ వైపైతే పెదవికి కాస్త అంటుకుంటుంది. అతికించే ప్రతిసారీ పెదవికి తాకించాలి, అది ఆ పనిలో మొదటి పాఠం. అతుకులమ్మ పనిలో చేరిన రెండో వారం, ఆ రోజు పొద్దున్నే టీ తాగబోయి పెదవి చుర్రుమని కాల్చుకుంది. ఫిల్ము తాకిస్తే మంట. ఒక్క ముక్కే కదా, చూపుతో పోల్చుకోలేనా అనుకుని తమ్ముడి షాటు అతికించేసింది. అది కాస్తా తిరగబడింది. కుడి ఎడమైంది, ఎడమ కుడైంది. ఎదురెదురుగా మాట్లాడుకోవాల్సిన అక్కాతమ్ముళ్ళు, బస్సు కోసం నిలబడ్డవాళ్ళలా ఒకే వైపు చూశారు.

డైరెక్టరు అప్పటికి ఏడు గంటలుగా చీకటిగదిలో ఉన్నాడు, విడుదల తేదీ నెత్తి మీద కూర్చుంది. “ఎదుటి మనిషి కళ్ళల్లోకి చూడ్డం కూడా రాదు వీడికి! తీసి అవతల పారెయ్యండి,” అన్నాడు. తమ్ముడి సీన్లన్నీ లేచిపోయాయి, రఫ్ కట్‌లో మాత్రం అలాగే మిగిలాయి. విడుదలైన సినిమాలో అక్క వచ్చేసరికి తలుపు తీసే ఉంటుంది, తమ్ముడు ఒక సూట్‌కేసు పట్టుకుని నాలుగు సెకన్లు నడుస్తాడు. అంతే.

చొక్కా జేబు కుడివైపు ఉందని అతుకులమ్మ మూడో రోజు గమనించింది. ఏ చొక్కాకైనా జేబు ఎడమవైపు కదా. అప్పటికే అసలు నెగెటివు కత్తిరించేశారు. కొత్త ఉద్యోగం, ఇంట్లో ఈవిడ జీతం కోసం చూసే నలుగురు. నోరు మూసుకుంది. ఒక్క రోజు మూసుకుంటే రెండో రోజు తెరవడం కష్టం, ముప్ఫై నాలుగేళ్ళు మూసుకుంటే ఇంకేం తెరుస్తారు? అప్పట్నుంచీ టీ చల్లారిపోయాకే తాగుతుంది.

ఆ తమ్ముడు వేషం వేసిన కుర్రాడు ఎక్కడికీ పోలేదు. అదీ ఆవిడ ఖర్మ! గోడౌనుకి ఎదురు వీధిలోనే తాళాల కొట్టు పెట్టుకున్నాడు. రెండు మేడల మధ్య మిగిలిన సందుకి షట్టరు బిగించుకున్నాడు, అదే కొట్టు. తాళాలాయన పనిలో దిట్ట. చెవి పోగొట్టుకుని పరిగెత్తుకొచ్చినవాళ్ళకి ధైర్యం చెప్తూనే పని కానిచ్చేస్తాడు. కానీ చెప్పేదేదైనా చేతిలోని ఆకురాయితోనే చెప్తాడు. ఎవరి మొహంలోకీ చూడడు. “నా కళ్ళు ఏ రంగో చెప్పమనండి ఈయన్ని! చెప్తే ఈ ఇల్లు ఆయన పేర రాసిచ్చేస్తా,” అంటుంది ఆయన భార్య, ఇల్లు ఆవిడ పేర ఉంది కనక.

అతుకులమ్మది ఒక్క గది ఇల్లు, ఒక్క తలుపు, ఒక్క తాళం. దానికి పందొమ్మిది మారు తాళంచెవులున్నాయి. గుండె బరువెక్కినప్పుడల్లా ఈసారి చెప్పేస్తానని కొట్టుకెళ్తుంది, నోరు పెగలదు, ఇంకో చెవి చేయించుకుని వస్తుంది.

ఆ సోమవారం సాయంత్రం ఇరవయ్యోదానికి వెళ్ళింది.

కొట్టులో తండ్రీ కూతురూ వాదులాడుకుంటున్నారు. కూతురికి ఇరవై మూడు, బళ్ళో లెక్కలు చెప్తుంది, తండ్రి మాట్లాడని మాటలన్నీ కూడా తనే మాట్లాడుతుంది.

“అత్తా, మీరైనా చెప్పండి!” అంది అతుకులమ్మని చూడగానే. “నాటకాల కంపెనీవాళ్ళు నాకు పెద్ద వేషం ఇస్తామన్నారు. గురువారంలోగా అవునో కాదో చెప్పాలి. నాన్న వద్దంటున్నాడు.”

“వద్దనలేదు. మనకి రాదన్నాను.” తాళాలాయన ఆకురాయి ఆపలేదు. “మన రక్తంలో లేదే తల్లీ అది. ఎదుటి మనిషి కళ్ళల్లోకి చూడ్డం రాదన్నారు నన్ను. రేపు నిన్నూ అంటారు. ఆ మాట పడ్డాక మనిషెలా ఉంటాడో నాకు తెలుసు. నువ్వలా అయితే నేను చూడలేను.”

“నువ్వొప్పుకోకపోయినా వెళ్ళగలను నాన్నా. కానీ మొదటి వరసలో నీ కుర్చీ ఖాళీగా ఉంటే నాకు నోట మాట రాదు. అందుకే గురువారం వెళ్ళి కాదని చెప్పొచ్చేస్తా, సరేనా?” అంటూ కళ్ళు తుడుచుకుంది ఆ పిల్ల.

అతుకులమ్మ ఇరవయ్యో తాళంచెవి పుచ్చుకుని వచ్చేసింది. రోడ్డు దాటుతుంటే తన మీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు పొద్దున్న మామ దగ్గర కూర్చుని మొత్తం కక్కేసింది. ఆయన రీలు చుట్టడం ఆపకుండానే విన్నాడు.

“జేబు కుడివైపుందని నాకు తెలీదనుకున్నావా?” అన్నాడు చివరికి.

“తెలుసా! మరి ఇన్నాళ్ళూ అనలేదేం మామా?”

“అతుకు నీది, నోరూ నీదే. మధ్యలో నేనెవర్ని? నెల నెలా కప్పు కడుక్కోడానికి పోతుంటే చూస్తూనే ఉన్నా.” కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. “చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోయి చెప్పు.”

“చెప్తే సరిపోదు. ఆ షాటు తిరగేసి మళ్ళీ అతికిస్తా. ఆయనకి చూపించాలి.”

మామ చేతులు అప్పుడాగాయి. రఫ్ కట్ల మీద కత్తెర పెట్టకూడదన్నది ఆ గోడౌనులో ఉన్న ఒకే ఒక్క కట్టుబాటు. పన్నెండేళ్ళ క్రితం ఎవరో అతితెలివిగలవాడు ఓ విందు సినిమాలో పాడైన రెండు బెత్తల ముక్క కత్తిరించాడు. అప్పట్నుంచీ అందులో మనుషుల్లేరు. కుర్చీలున్నాయి, గిన్నెల్లోంచి ఆవిర్లొస్తున్నాయి, తినేవాళ్ళే లేరు. ఎటు పోయారో ఎవరికీ తెలీదు.

“వాళ్ళు కూడా లేచిపోతే?” అన్నాడు. “ఆయనకి గోడకి చెవి ఇచ్చే కుర్రాడైనా ఉన్నాడు. రేపు వాడూ ఉండడు.”

“నాకూ భయంగానే ఉంది మామా.”

మామ కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. “అతుకేసిన చెయ్యే విప్పాలిలే. కానీ ఆయన అడగాలి. నువ్వు కాదు.”

అతుకులమ్మ ఆ నిమిషమే రోడ్డు దాటింది. ఆగితే మళ్ళీ ఇరవై ఒకటో తాళంచెవి అవుతుందని తెలుసు. కొట్టు ముందు నిలబడి, టీ కాలిన పెదవి దగ్గర్నుంచి జేబు దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. “తప్పు నాది అన్నయ్యా. నువ్వు సరిగ్గానే చూశావు. అక్క కళ్ళల్లోకే చూశావు. నేనే నిన్ను గోడకి తిప్పాను. ఆ డబ్బా ఇంకా మా పై అంతస్తులోనే ఉంది, నువ్వడిగితే ఆ ముక్క తిరగేసి మళ్ళీ అతికిస్తా.”

ఆకురాయి ఆగిపోయింది. కూతురు బడికి వెళ్ళబోతూ సంచీ భుజాన వేసుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.

“పందొమ్మిది తాళంచెవులు చేయించుకున్నావు,” అన్నాడు తాళాలాయన బల్లతో.

“ఇరవై.”

“ఇరవైసార్లు నా ఎదురుగా నిలబడి కూడా ఒక్క మాట చెప్పలేకపోయావా చెల్లెమ్మా?” ఆకురాయి బల్ల మీద పెట్టేశాడు. “నాకు నిద్ర లేని రోజులున్నాయి తెలుసా? అద్దం ముందు నిలబడి నా కళ్ళల్లోకి నేనే చూసుకోలేని రోజులున్నాయి! ఈ మాట ఎవరైనా చెప్తారేమోనని కాదు, చెప్పడానికి అసలిలాంటి మాట ఒకటుందనే నాకు తెలీదు.”

అతుకులమ్మ ఏడ్చింది. ఆయన ఓదార్చలేదు, ఎందుకు ఓదారుస్తాడు? చేతికందిన తాళం కప్ప తీసుకుని పనిలో పడ్డాడు. అది బాగైన తాళమే.

“నాన్నా,” అంది కూతురు. “రేపు బుధవారం. వెళ్ళి చూద్దాం.”

“అతుకు విప్పితే ఆ సినిమాలోవాళ్ళు లేచిపోవచ్చమ్మా,” అని విందు సినిమా సంగతి కూడా చెప్పింది అతుకులమ్మ. ఏదీ దాచే ఓపిక ఇక లేదావిడకి.

తాళాలాయన తాళం కప్ప కింద పెట్టాడు. “ఆ ముసలావిడ ఇంకా వరండాలోనే ఉందా?”

“నడుం పట్టేసిందిట.”

“సరే అయితే. తిరగెయ్యి.”

బుధవారం మధ్యాహ్నం, కిటికీలోంచి ఎండ బల్ల మీద పడుతుండగా, అతుకులమ్మ నలభై ఒకటో డబ్బా తెరిచింది. పాత టేపు గట్టిపడి పసుపురంగు తిరిగింది. గోటితో మెల్లగా లేపింది. తండ్రీ కూతురూ పక్కన నిలబడి చూస్తున్నారు. నాలుగు బారల ఫిల్ము విడిగా చేతిలోకొచ్చాక, కళ్ళు మూసుకుని దాన్ని పెదవికి తాకించింది. అంటుకోలేదు. తిరగేసి మళ్ళీ తాకించింది. అంటుకుంది. రెండు వైపులా కొత్త టేపు వేసి గట్టిగా నొక్కింది. ఇరవై రెండేళ్ళప్పుడు చెయ్యాల్సిన పని రెండు నిమిషాల్లో అయిపోయింది.

మామ ప్రొజెక్టరు తిప్పాడు. ఈసారి అతుకులమ్మ కప్పు జోలికి పోలేదు.

ముందు ఖాళీ ఫిల్ము వచ్చింది. తెర మీద వరండా ఉంది. పెట్టెలున్నాయి, ముసలావిడ చేతికర్ర గోడకి ఆనించుంది. మనిషి జాడ లేదు. ప్రొజెక్టరు కటకటలాడుతోంది, వరండాలో గాలికి ఓ కాయితం ముక్క దొర్లుతోంది. “అయ్యో,” అంది అతుకులమ్మ. పైట నోటికడ్డం పెట్టుకుంది. కూతురు తండ్రి చెయ్యి పట్టుకుంది.

ఖాళీ ముక్క అయిపోయింది. అక్క వచ్చి నిలబడింది, కుడివైపుకి చూస్తోంది. తర్వాత ఆ కుర్రాడొచ్చాడు. పాతికేళ్ళ వాడు, జేబు ఎడమవైపు. ఎడమకి తిరిగి ఉన్నాడు. జేబులోంచి తాళంచెవి తీసి, దాన్ని బొటనవేలితో ఒకసారి రుద్ది, తలెత్తాడు. అక్క కళ్ళల్లోకి చూశాడు. ఎంత చూశాడంటే, ప్రొజెక్టరు మామ వేలితో కళ్ళద్దాల కింద ఒత్తుకోవాల్సొచ్చింది.

“అక్కా, తాళంచెవి...” అని ఆగాడు. ఆ ఆగడంలోనే వాళ్ళ గొడవంతా ఉంది. “నీ దగ్గరే ఉండనీ. ఎప్పుడొచ్చినా తలుపు కొట్టే పని లేకుండా.”

మళ్ళీ ఖాళీ ఫిల్ము. ఇక్కడి నుంచి వాళ్ళిష్టం. అక్క తన చేతిలోని తాళంచెవి కాసేపు చూసుకుంది, గబగబా మెట్లెక్కి తలుపు తీసింది. పెరట్లోంచి, ఇంటి వెనకనుంచి అందరూ బిలబిలా వచ్చేశారు. ముసలావిడ చేతికర్ర అందుకుని “ఇన్నాళ్ళకి దయ కలిగిందీ!” అని గొణుక్కుంటూ అందరికంటే ముందు లోపలికి దూరింది. పెట్టెలు ఒకటొకటే వెళ్ళిపోయాయి. చివర్న మిగిలింది కుర్రాడు. గడప మీద కాలు పెట్టి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగి, తెరలోంచి తిన్నగా గదిలోకి చూశాడు. తాళాలాయన తల దించుకోబోయాడు. దించుకోలేదు. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. కుర్రాడు తలూపి లోపలికెళ్ళాడు.

మామ లైటు వేశాడు.

“కుర్రాడు బాగా చేశాడు,” అన్నాడు తాళాలాయన.

“బాగా చేశావు నాన్నా,” అంది కూతురు.

ఆయన లేచి, అతుకులమ్మ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. క్షమించానని అనలేదు. కానీ ఆవిడ మొహంలోకి చూశాడు, ఇన్నేళ్ళలో మొదటిసారి. “ఇంక తాళంచెవులు చాలమ్మా,” అని వెళ్ళిపోయాడు. అతుకులమ్మ తేడాల పుస్తకం తీసి రాసింది: ‘నలభై ఒకటో డబ్బా. విడుదలలో తలుపు ముందే తీసి ఉంది. రఫ్ కట్‌లో ఇవాళ తీశారు.’ మామ పోసిన టీ వేడిగానే తాగేసింది.

గురువారం కూతురు పొద్దున్నే తయారైంది. నాటకాల కంపెనీకి ఏం చెప్పాలో తండ్రి ఇంకా ఏమీ అనలేదు, తనూ అడగలేదు. చెప్పులేసుకుంటుంటే తాళాలాయన లోపలినుంచి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. జేబులోంచి ఓ కొత్త తాళంచెవి తీశాడు. ఇంటి తలుపుది. తెల్లవారకముందే కొట్టుకెళ్ళి కోసినట్టున్నాడు, అంచులు ఇంకా తళతళలాడుతున్నాయి. బొటనవేలితో ఒకసారి రుద్దాడు. తలెత్తి కూతురి కళ్ళల్లోకి చూశాడు.

“రిహార్సల్స్ ఎప్పటికవుతాయో ఏమో. తాళంచెవి...” ఆగాడు. “నీ దగ్గరే ఉండనీ. ఎప్పుడొచ్చినా తలుపు కొట్టే పని లేకుండా.”

ఆ పిల్ల తాళంచెవితో సహా తండ్రి చెయ్యి పట్టేసుకుంది. “మొదటి వరసలో కూర్చుంటావా?”

“కూర్చోక? ఎటు చూస్తున్నావో నేను చూడద్దూ!”

వంటింటి గుమ్మంలోంచి భార్య ఇదంతా చూస్తూనే ఉంది. “బాగుంది సంబడం. అందరి కళ్ళూ అయ్యాయి, మా కళ్ళే మిగిలాయి,” అంది.

తాళాలాయన కూతుర్ని పంపించి, వంటింటి దాకా నడిచి, భార్య ఎదురుగా నిలబడి, తీరుబడిగా చూశాడు.

“తేనె రంగు,” అన్నాడు. “ఎడమ కంట్లో చిన్న మచ్చ ఉంది.”

ఆవిడ చేతిలో గరిట చేతిలోనే ఉండిపోయింది, తేనె రంగు కళ్ళు రెండూ నిండిపోయాయి.

“ఇల్లెప్పుడు రాసిస్తావ్?” అన్నాడు ఆయన, చూపు తిప్పకుండా.